పాఠశాలలో పేరడీ

గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కమును చదివినవారును, రంగస్థలముపై చూచినవారును ఒక ఘట్టమును మరువజాలరు. పట్టణమున ఇంగ్లీషు చదువు చదువుచున్న వెంకటేశమును, వానికి గురువునని చెప్పుకొను గిరీశమును కృష్ణరాయపురాగ్రహారమున అగ్నిహోత్రావధానుల ఇంటికి వచ్చినారు. కొడుకు నేర్చిన ఇంగ్లీషును ఒక్కసారి చెవులార వినవలెనని తల్లి వెంకమ్మ ముచ్చటపడినది. గురుశిష్యు లిరువురును సంభాషణకు దిగిరి. అది సంభాషణమా? ఒకరు పసిపిల్లల నక్షత్రగీతము నెత్తుకొనగా, రెండవవారు వాచకములోని గుడారపు వాక్యము నప్పగించును. ఒకరు కాలుచున్న ఓడపై నిలిచిన బాలుని పద్యమును వినిపింపగా, రెండవవారు క్షేత్రగణితమునుండి ఒక సిద్ధాంతమును వల్లించును. తుదకు వ్యాకరణములోని బహువచనసూత్రముతో ముగింపు. తల్లి చెవికి అదంతయు ఘనమైన ఇంగ్లీషు. చూచువారికి కడుపుబ్బ నవ్వు.

ఆ నవ్వులో ఒక సూక్ష్మ మున్నది. మిల్టను మహాకవి 1667లో ప్రకటించిన స్వర్గభ్రంశకావ్యపు నాందీవాక్యమును గిరీశము అందుకొని, అందలి నిషిద్ధవృక్షమును తటాలున మామిడిచెట్టుగా మార్చివేసినాడు. గానము చేయుమని కవి దివ్యశక్తిని ప్రార్థించిన చోట, గిరీశము తన శిష్యుని ప్రార్థించినాడు. ఏదెను వనములోని చెట్టు ఒక్కమాటతో విశాఖమండలపు మామిడితోపులోనికి వచ్చి నిలిచినది. ఇంగ్లీషువారు పేరడీ యని పిలుచునది ఇదియే.

వెంకటేశమునకు అప్పగింత మాత్రమే వచ్చును. గిరీశము వంచకుడే కావచ్చును. కాని మిల్టనును ఎక్కడ పట్టుకొని కుదిపిన కదలునో ఎరిగినవాడు. ఏ మాట మార్చిన వాక్యము నిలుచునో, ఏది మార్చిన కూలునో తెలియనివాడు ఆ పని చేయజాలడు. అప్పగించువానికి పద్యము పరుల సొమ్ము. మార్చగలవానికి అది స్వంతము. 1892లో మొదట ప్రదర్శింపబడి, 1897లో అచ్చుపడి, 1909లో పెంచి వ్రాయబడిన ఆ నాటకము మన చదువులనుగూర్చి వేసిన ప్రశ్న నేటికిని తీరలేదు. మన బిడ్డలు నేర్చుచున్నది అప్పగింతయా, అధికారమా?

ఆ కాలుచున్న ఓడ పద్యమునే చూడుడు. ఫెలీషియా హెమన్సు అను కవయిత్రి 1826లో రచించినది. 1798లో నైలునదీ ముఖమున జరిగిన నౌకాయుద్ధము దానికి మూలము. ఆంగ్లదేశమున తరతరముల బాలురు దానిని కంఠస్థము చేసినారు. తరతరముల బాలురు దానికి పేరడీలు కట్టి ఆటస్థలములలో పాడుకొన్నారు. ఉపాధ్యాయుని యెదుట భక్తితో అప్పగించి, బయటికి వచ్చి నవ్వుకొన్నారు. అదే పద్యము సముద్రములు దాటి మన పాఠశాలలకు వచ్చునప్పటికి మంత్రమైపోయినది. మంత్రమున అక్షరము తప్పినచో దోషము కదా! ఆంగ్లబాలుడు ఆటవస్తువుగా వాడుకొన్న దానిని మన బాలుడు పూజాపీఠముపై పెట్టినాడు. బుద్ధిలో భేదము లేదు. ఆ భాష ఎవరి ఇంటిదో ఆ ఇంటివానికి చనువు కలిగినది. మనవానికి భయము మిగిలినది.

పాశ్చాత్యదేశముల విద్యాశాలలలో పేరడీ వ్రాయించుట రచనాభ్యాసములలో నొకటి. మన పాఠశాలలలో అది వెనుకబల్ల బాలుర అల్లరి. దానిని ముందుబల్లకు తీసికొనిరావలెనని మా అభిప్రాయము. అయితే నానాజాతుల బిడ్డలు కూర్చున్న తరగతిలో ఒకరి పాటను వేరొకరిచేత మార్పించుట నిప్పుతో చెలగాటము. ఆ నిప్పుతో వంట చేయుటయా, ఇల్లు కాల్చుకొనుటయా అనునది ఉపాధ్యాయుని నేర్పుపై ఆధారపడియున్నది.

ఒక బల్లపై నలుగురు

ఈ విచారణకు విశాఖపట్టణమును మించిన స్థలము లేదు. 1933లో రేవు తెరువబడినది. 1941లో సింధియా కంపెనీవారి నౌకానిర్మాణశాలకు పునాది పడి, 1948లో జల ఉష అను ఓడ నీటిలోనికి దిగినది. పిమ్మట చమురుశుద్ధి కర్మాగారము, తూర్పు నౌకాదళ కేంద్రము, ఉక్కు కర్మాగారము వరుసగా వచ్చినవి. ప్రతి కర్మాగారముతోను కొన్ని భాషలు ఊరిలోనికి దిగినవి. ఒకే బల్లపై జాలరిపేట బాలుడు, శ్రీకాకుళమునుండి వలసవచ్చిన కూలివాని కుమార్తె, ఒరియా గుమాస్తా కొడుకు, ఉత్తరదేశపు నావికోద్యోగి బిడ్డ కూర్చుందురు. ఒకరికి వేమన, ఒకరికి తులసీదాసు, ఒకరికి జగన్నాథుని భజన. అందరికిని ఉమ్మడిగా నున్నది ఇంగ్లీషువాచకము. అది ఎవరి ఇంటిలోను ఉగ్గుపాలతో పోసినది కాదు.

ఇట్టి తరగతిలో ఉపాధ్యాయుడు ఒక పద్యమిచ్చి, దీనికి పేరడీ వ్రాయుడనినచో ఏమగును? మూల మెరుగని బాలుడు నవ్వజాలడు. మూలమును ప్రాణముగా చూచుకొను బాలుడు నొచ్చుకొనును. తక్కినవాడు మూలమును విడిచి, దానిని పాడు మనిషిని వెక్కిరించును. ఈ మూడు ప్రమాదములును పేరడీ యననేమో స్పష్టముగా తెలియకపోవుటచే కలుగునవి.

పేరడీ వేరు, వెక్కిరింత వేరు

ఆ మాట గ్రీకుది. పాటకు ప్రక్కగా నడచు పాట యని దాని అర్థము. థాసోసు ద్వీపవాసియగు హెజిమోను మొదటి పేరడీకర్త యని అరిస్టాటిలు తన కావ్యశాస్త్రమున పేర్కొన్నాడు. మన భరతముని శృంగారమునకు అనుకృతియైనది హాస్యమని నిర్ణయించినాడు. ఈ రెండు శాస్త్రములును ఒకదాని నొకటి ఎరుగవు. అయినను హాస్యమునకు అనుకరణమునకు గల సంబంధమును రెండును గుర్తించినవి. అనుకరణము కుదిరిన గాని అందలి మార్పు కనబడదు. రాగము సరిగా పాడినవాడు అపస్వరము వేసిన నవ్వుదుము. రాగమే రానివాడు వేసిన చెవులు మూసికొందుము.

వెక్కిరింతకు ఈ శ్రమ అక్కరలేదు. ఎదుటివాని యాస, నడక, కట్టు, కులము, నలుపు, పేదరికము, వీనిలో ఏదైనను దానికి చాలును. పేరడీ ఒక రచనాశైలిని పట్టుకొనును. వెక్కిరింత ఒక మనిషిని పట్టుకొనును. పేరడీ వ్రాయుటకు మూలమును పదిసార్లు చదువవలెను. వెక్కిరించుటకు మనిషిని ఒక్కసారి చూచిన చాలును.

ఈ భేదము మన ప్రాంతమున కడుపుమంటతో కూడినది. కళింగాంధ్రపు పలుకుబడిని తెలుగు సినిమా తరచు నవ్వుల పాత్రకు తగిలించినది. పనివాడు, అమాయకుడు, బంట్రోతు తెరపైకి వచ్చినచో శ్రీకాకుళపు యాసను వాని నోట పెట్టుట పరిపాటియైనది. ఆ సినిమాను చూచివచ్చిన పట్టణబాలుడు మరునాడు తరగతిలో ప్రక్కనున్న బాలికను ఆ యాసతో పిలుచును. ఆ పిల్ల మరల నోరు విప్పదు. అది పేరడీ కాదు. బలవంతుడు బలహీనుని నోరు కుట్టుట. అదే పలుకుబడిలో రాచకొండ విశ్వనాథశాస్త్రిగారు విశాఖపట్టణపు వీధులను, న్యాయస్థానములను, సారాదుకాణములను కథలుగా వ్రాసినారు. వకీళ్ల వాగ్ధోరణిని, పోలీసు రిపోర్టు ధోరణిని, పెద్దమనుషుల నీతివాక్యములను ఆయన కథలు అనుకరించి నవ్వించును. ఆ నవ్వు తగులునది అధికారమునకు. బీదవాని నాలుకకు కాదు. ఆయన కథ నొకదానిని చదివి వినిపించి, ఇందు ఎవరి మాట ఎవరిని నవ్వుపాలు చేయుచున్నదని అడిగిన చాలును. పేరడీకి వెక్కిరింతకు గల భేదము విద్యార్థికి అరగంటలో బోధపడును.

మన ఇంటి సంప్రదాయము

పేరడీ పరదేశపు సరకు కాదా యని పాఠకమహాశయు లడుగవచ్చును. పేరు పరదేశపుది, పని మనది. అవధానసభలో సమస్య నిచ్చుట యేమి? అసంబద్ధమైన పాదము నొకదానిని కవి ముందు పడవేసి, దానికి సంబద్ధమైన ఇల్లు కట్టుమనుట. దత్తపది యేమి? పొసగని మాటలను పద్యమున పొసగించుట. ఇవి రెండును ఇతరుల మాటను తన అర్థములోనికి త్రిప్పుకొను సాధనలే. సుమతిశతకపు నడకను, వేమన మకుటమును పట్టుకొని ఊరూర చమత్కారపద్యములు చెప్పినవారు ఎందరో. ఆ నడక అందరి చెవులలో నుండుటచేతనే ఆ చమత్కారము పండినది.

సింహాచలము కొండమీదికి పోవుదము. గోగులపాటి కూర్మనాథకవి 18వ శతాబ్దమున సింహాద్రి నారసింహ శతకము చెప్పినాడు. పరసైన్యములు క్షేత్రమునకు రాగా దేవుడు కదలలేదని అలిగి, ఆ కవి స్తోత్రపు వేషములోనే దేవుని తిట్టిపోసినాడు. పొగడ్తకు కావలసిన ఛందస్సు, సంబోధన, మకుటము అన్నియు ఉన్నవి. లోన నున్నది నిలదీత. భక్తులు దానిని అపచారమనలేదు. నిందాస్తుతియని పేరు పెట్టి తలదాల్చినారు. ఏల? ఆ కవి ఆ గుడి మెట్ల నెరిగినవాడు. తిట్టుటకు కావలసిన చనువును భక్తిచే సంపాదించినవాడు. ఆ మాటలనే క్షేత్ర మెరుగని పరాయివాడు పలికియుండినచో? మాట ఒక్కటియే, నోరు మారినది, అర్థము మారినది. నానాజాతుల తరగతిలో పేరడీ నడుపు ఉపాధ్యాయునికి ఇంతకు మించిన పాఠము లేదు.

ఆధునిక కాలమున శ్రీశ్రీని చూడుడు. 1910లో విశాఖపట్టణమున పుట్టి, ఇచ్చటి ఏ.వి.ఎన్. కళాశాలలో చదివి, 1928లో ప్రభవ యను పద్యసంపుటిని ప్రాతబాటలోనే వెలువరించినాడు. పిమ్మట స్విన్‌బర్ను అను ఆంగ్లకవి గీతమును ఆధారము చేసికొని అద్వైతము వ్రాసినాడు. 1950లో మహాప్రస్థానము గ్రంథముగా వచ్చినది. శతకకవుల కందమును పట్టుకొని సిరిసిరిమువ్వ శతకమును నవ్వుచు చెప్పినవాడును అతడే. ఆ శ్రీశ్రీ గేయములకును, భావకవుల పాటలకును జలసూత్రం రుక్మిణీనాథశాస్త్రిగారు పేరడీలు కట్టి పేరడీశాస్త్రియని పేరుగాంచినారు. మాచిరాజు దేవీప్రసాదుగారును ఆ దారిలో పేరుగన్నవారే. శాస్త్రిగారు స్వయముగా కవి, కథకుడు. తాను ఎరుగని కవిని ఆయన ముట్టలేదు. ఏ కవికి పేరడీలు పుట్టినవో ఆ కవి జనుల నాలుకపై నున్నాడని అర్థము. ఎవరును పేరడీ కట్టని కవిని ఎవరును చదువలేదని చెప్పవచ్చును.

మూలము పోయిన నవ్వు పోవును

ఇంగ్లీషువారి లూయీ కెరోలు 1865లో ఆలిసు కథను ప్రకటించినాడు. అందలి పాటలు మన విద్యార్థులకు వట్టి విడ్డూరములుగా తోచును. నాటి ఆంగ్లశిశువులకు అవి అట్లు తోచలేదు. ఐజాకు వాట్సు అను మతగురువు 1715లో పిల్లలకొరకు వెలువరించిన గీతములలో పనిపాటులు మానని తేనెటీగను ఆదర్శముగా చూపినాడు. ఆంగ్లదేశపు పిల్ల లందరికి ఆ నీతిగీతము కంఠస్థము. కెరోలు ఆ తేనెటీగను తీసివేసి, దానిచోట నోరు తెరచుకొని చేపలకొరకు చిరునవ్వు నవ్వు మొసలిని పెట్టినాడు. నీతి బోధించు గొంతు అదే. చేయుచున్న పని మ్రింగుట. ఈ సంగతి ముందు చెప్పక మొసలిపాటను చదివించు ఉపాధ్యాయుడు, వేమన నెరుగని వానికి వేమన పేరడీ వినిపించి నవ్వలేదేమని కోపించువానివంటివాడు.

తేనెటీగను ఎరుగనివానికి మొసలి కనబడదు. కావున పరాయివారి పేరడీని బోధించునప్పుడు ముందు మూలమును బోధింపవలెను. వ్రాయించునప్పుడు పరాయివారి కావ్యముతో మొదలుపెట్టరాదు. విద్యార్థి తన ఇంటనున్న దానితోనే మొదలుపెట్టవలెను.

ఒక శుభలేఖ

ఇంటనున్నదనగా మహాకావ్యమే కానక్కరలేదు. పంచాయతీ దండోరా, రైలుస్టేషను ప్రకటన, పరీక్షాపత్రము, కోర్టు నోటీసు, పెండ్లి శుభలేఖ, వీనికి ఒక్కొక్కదానికి స్థిరమైన శైలి గలదు. ఇవి ఏ కవికిని చెందినవి కావు. ఎవరి దేవుని నొప్పించునవియు కావు. మొదటి అభ్యాసమునకు శుభలేఖ శ్రేష్ఠము. ఉదాహరణకు, విశాఖ ఉక్కు తయారగు విధమును శుభలేఖ ధోరణిలో వ్రాయుమని విద్యార్థుల నడిగినచో ఈ తీరున రావచ్చును.

శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు. బస్తరు ప్రాంతమున బైలదిల్లా పర్వతవాస్తవ్యులగు గనివారి కుమారుడు చిరంజీవి ఇనుపరాయికిని, సముద్రమునకావల ఆస్ట్రేలియా వాస్తవ్యులగు బొగ్గువారి పుత్రిక చిరంజీవి లక్ష్మీసౌభాగ్యవతి కోకుకును, గోదావరి నామధేయముగల బ్లాస్టు ఫర్నేసునందు వివాహము జరుప పెద్దలు నిశ్చయించినారు. వరుడు అరకులోయ మీదుగా రైలుబండిలో కొండ దిగి వచ్చును. వధువు ఓడ దిగి, కోకు ఓవెనులో మంగళస్నానము ముగించుకొని వచ్చును. జగ్గయ్యపేట సున్నపురాయిగారు పౌరోహిత్యము వహించి, ఉభయవంశముల దోషములను చిట్టెముగా తీసివేయుదురు. కావున తాము సకుటుంబముగా విచ్చేసి, చెమటయే పన్నీరుగా స్వీకరించి, వధూవరులను ఉక్కువంటి సంతానముతో వర్ధిల్లునట్లు ఆశీర్వదింప ప్రార్థన.

ఇందు సరదా కొంత, చదువు ఎక్కువ. ఇనుపఖనిజ మెక్కడినుండి వచ్చునో, బొగ్గు కోకుగా మారిన పిమ్మటనే కొలిమికి పనికివచ్చునని, సున్నపురాయి మలినములను పట్టుకొని వేరుచేయునని, కొలిములకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ యని పేర్లు గలవని తెలిసికొననివాడు ఈ పది పంక్తులు వ్రాయజాలడు. శుభలేఖలో ఎవరి పేరు ముందు రావలెను, ఏ విశేషణము ఎవరికి తగును, క్రియ ఎక్కడ నిలువవలెను అను మర్యాదలును తెలియవలెను. భూగోళము, రసాయనము, వ్యాకరణము మూడును ఒకే పనిలో కలిసినవి.

ఇంతలో ఉత్తరదేశపు బాలుడు లేచి, లక్ష్మీసౌభాగ్యవతి యని వధువుకే ఏల వ్రాయవలెనని అడుగును. ఒరియా బాలుడు, మా ఇండ్లలో పెండ్లిపిలుపు మొదట జగన్నాథునికి పోవునని చెప్పును. జాలరి బాలుడు, మా వీధిలో పిలుపులు కాగితముపై కాక నోటితో జరుగునని చెప్పును. తెలుగు విద్యార్థి తానింతవరకు ఆలోచింపని తన ఇంటి ఆచారమునకు అర్థము చెప్పవలసివచ్చును. విప్పి చెప్పవలసివచ్చిన హాస్యము చప్పబడునని లోకోక్తి. సభలో అది నిజము, తరగతిలో కాదు. నవ్వు చప్పబడిన చోటనే ఒకరి ఇల్లు మరియొకరికి తెరువబడును. మరునాడు ఆ ఒరియా బాలుడు తన ఇంటి పిలుపు ధోరణిలో వ్రాసి తీసికొనివచ్చును. తెలుగువా రడుగుదురు, అతడు చెప్పును. ఇచ్చిపుచ్చుకొనుట యనగా ఇదియే.

కొన్ని కట్టుబాట్లు

ఇట్టి అభ్యాసమునకు కట్టుబాట్లు కావలెను. మొదటిది, ఎవడును తన ఇంటిదానితోనే ఆరంభింపవలెను. తన్ను తాను నవ్వుకొనలేనివానికి ఇతరులను నవ్వు హక్కు లేదు. రెండవది, మూలమును తప్పులేక చదివి, దాని నడక యేమో, అందము ఎక్కడనున్నదో పది వాక్యములలో చెప్పిన పిమ్మటనే మార్పుకు దిగవలెను. మూడవది, శైలిని పట్టవలెను గాని మనిషిని పట్టరాదు. యాస, కులము, శరీరము, పేదరికము నిషిద్ధములు. నాలుగవది, పరుల ప్రార్థనను, పరుల శోకమును ముట్టరాదు. కూర్మనాథకవికి చెల్లినది మనకు చెల్లదు.

ఈ నాలుగవదానికి మన ఊరిలోనే నిదర్శన మున్నది. విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు అను నినాదము చూచినంతనే పేరడీకి అనువైనది. ప్రాస యున్నది, తూకమున్నది, పొట్టిగా నున్నది. పొరుగురాష్ట్రమునుండి క్రొత్తగా వచ్చిన బాలునికి అది వట్టి శబ్దచమత్కారముగా తోచి, ఉక్కుచోట మరియొక మాటను పెట్టవలెనని చేయి దురదపెట్టవచ్చును. 1966లో ఆ నినాదముకొరకు 32 మంది ప్రాణములు పోయినవి. 1970లో కర్మాగారము ప్రకటింపబడినది, 1971లో పునాదిరాయి పడినది, 1992లో గాని అది జాతికి అంకితము కాలేదు. భూము లిచ్చిన గ్రామము లెన్నో. ఆ బాలుడు దుర్మార్గుడు కాడు, ఎరుగడు. వానిని కసరి కూర్చుండబెట్టినచో వాడు ఎరుగకయే మిగులును. ఈ మాటల వెనుక నేమున్నదో తెలిసికొని రమ్మని పంపవలెను. తెలిసికొనివచ్చిన పిమ్మట వాడు వ్రాయదలచుకొనినది మారును. పేరడీ వ్రాయకుండుటయు ఒక్కొక్కప్పుడు పేరడీ పాఠమున నేర్చిన విద్యయే.

అయిదవ కట్టుబాటు ఉపాధ్యాయులకు. పేరడీతో పాఠమును ముగింపరాదు. మూలపు నడకను పట్టుకొనిన విద్యార్థి చివరకు తన స్వంత మాటతో, నవ్వు లేకయే, ఒక రచన చేయవలెను. ప్రభవ వ్రాసిన కవి అక్కడనే ఆగియుండినచో మహాప్రస్థానము లేదు. అనుకరణము ఊతకర్ర, నడక వచ్చిన పిమ్మట దానిని గోడకు చేర్చవలెను.

ఎవరి సొమ్ము

దీనివలన గురుభక్తి చెడునని, పెద్దల వాక్కులను పిల్లలు పరిహసింతురని కొందరు శంకింతురు. మా అనుభవమున పిల్లలు ఎట్లును పరిహసింతురు, చాటుగా పరిహసింతురు. ఉపాధ్యాయుని కన్నుల యెదుట, మూలమును చదివి, నియమమునకు లోబడి పరిహసించుట నేర్చినవాడు చాటుగా వెకిలి నవ్వు నవ్వడు. పరీక్షలలో మార్కులు రావని మరికొందరందురు. కంఠస్థము చేసినది పరీక్ష మరునాడు మరచిపోవును; ఒకసారి విప్పి మరల కట్టిన పద్యము జన్మాంతము నిలుచును.

అసలు విషయము వేరు. 1835లో మెకాలే వ్రాసిన నివేదికతో ఇంగ్లీషుచదువు మన నెత్తికెక్కినది. అది వచ్చినందుకు మేము వగచుటలేదు. మిల్టను చదివినందుకు ఎవడును చెడిపోలేదు. అది మన పిల్లలలో పెక్కుమందికి అప్పగింతగానే మిగిలిపోయినదే, అందుకు వగచుచున్నాము. 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము సర్కారు పాఠశాలలలో ఇంగ్లీషు మాధ్యమమును విధించుచు ఉత్తరువు చేసినది. 2020 ఏప్రిలులో ఉన్నతన్యాయస్థానము దానిని కొట్టివేసినది. ఏ మాధ్యమము కావలెనని ఇరుపక్షములవారును గట్టిగా వాదించినారు. ఏ మాధ్యమమున చదివినను బిడ్డ ఆ భాషకు యజమాని యగునా, అద్దెదారు అగునా అని అడిగినవారు తక్కువ. తెలుగుపద్యము రాక, ఇంగ్లీషుపద్యము అర్థముకాక, రెండింటిని చిలుకవలె పలుకు బాలుడు రెండు ఇండ్లలోను అద్దెకున్నవాడే.

పేరడీ ఈ రోగమునకు దివ్యౌషధమని మేము చెప్పము. అది నాడి చూచు సాధనము. ఏ భాషలో మీ కుమారుడు నవ్వగలడో ఆ భాష వానిది. ఏ భాషలో ఒక్కమాట మార్చుటకు భయపడునో ఆ భాష వానికి ఇంకను దొరభాషయే. అది ఇంగ్లీషైనను, తెలుగైనను.

కాన్వెంటులకు వేలు, లక్షలు ఫీజులు చెల్లించు తండ్రులకు మాదొక విన్నపము. ఈ రాత్రి భోజనమైన పిమ్మట బిడ్డను చెంతకు పిలిచి, నేర్చిన పద్యము నప్పగింపుమని అడుగకుడు. వెంకమ్మ అడిగి మోసపోయినది. ఆ పద్యము నడకలోనే మన పెరటి చెట్టునుగూర్చి, మన వీధినిగూర్చి, మీ కోపమునుగూర్చి నాలుగు పంక్తులు చెప్పుమని అడుగుడు. వాడు వెలవెలబోయినచో చెల్లించిన ఫీజునకు లెక్క చూచుకొనుడు. కొంటెగా నవ్వి మొదలుపెట్టినచో కోపగించుకొనకుడు. చదువు వంటబట్టినది.